ఆపి ఉంచిన గదులు

నీళ్ళకు 91 రోజుల ముందు

ఈ ఉద్యోగానికి మనిషిని ఎలా ఎంచుకున్నానో మొదటి నుంచీ రాసిపెట్టమని మా సంస్థ పెద్ద గౌస్ సార్ చెప్పారు. పోయినసారి ఇద్దరు డెవలపర్లను తీసుకుని, ఎందుకు తీసుకున్నామో ఏడాది తిరిగేసరికి ఎవరికీ గుర్తులేక పెద్ద గొడవైంది. అందుకని ఈ నోట్‌బుక్. ఉద్యోగం పేరు 'సీనియర్ ప్రోడక్ట్ డిజైనర్, గ్రోత్'. ఆ చివరి మాట, అంటే మాతో చేరేవాళ్ళను పెంచే పని, మా సంస్థలో ఇంతవరకు ఎవరి పేరు పక్కనా లేదు.

పొద్దున అయిదింటికి మేడ మీద మంచువలలు దులిపి నీళ్ళు పట్టాను. రెండు బిందెలు నిండాయి, మూడోది సగమే. కప్పు మీద ఎండగుడ్డ లాగి కట్టి ఆరున్నరకల్లా ఆఫీసుకు వెళ్ళాను. మదనపల్లె పాత టమాటా మండీలో పై అంతస్తు మాది. కింద ఒకప్పుడు కాయలు పోసిన చోట ఇప్పుడు పరుపులు పేర్చి ఉన్నాయి.

పరుపులు పల్లపువాళ్ళ కోసం. ఆషాఢంలో సముద్రం వాళ్ళ ఊళ్ళ మీదికి వచ్చి, కార్తీకం దాటాక వెనక్కి పోతుంది. ఆ అయిదు నెలలూ వాళ్ళు మెట్టకు వచ్చి, మావాళ్ళ ఇళ్ళలో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉంటారు. ఏ కుటుంబానికి ఏ ఇల్లు అన్నది చూసేది మా సంస్థ 'పంచ'. పదకొండేళ్ళుగా ఇదే పని.

ఈ ఏడు అరవై ఒక్క వేల కుటుంబాలు వస్తాయి. గది ఇస్తామన్న ఇళ్ళు ముప్పై ఎనిమిది వేలు. పోయిన ఏడు నలభై నాలుగు, అంతకు ముందు నలభై తొమ్మిది. ఏడాదికేడాది తగ్గుతున్నాయి. చోటు దొరకనివాళ్ళను పోయిన ఏడు రేకుల షెడ్లలో పెట్టాం. ఆ షెడ్లలో ఎండదెబ్బకు ఎంతమంది పోయారో ఆ అంకె నా బల్ల ఎదురుగా గోడ మీద రాసి ఉంది. చెరపవద్దని నేనే చెప్పాను.

పదకొండింటికి ఎండ సైరన్ మోగింది. ఇక నాలుగింటి దాకా వీధిలో ఎవరూ తిరగకూడదు కాబట్టి కూర్చుని దరఖాస్తులు చదివాను. రెండు వందల పద్నాలుగు వచ్చాయి.

నీళ్ళకు 84 రోజుల ముందు

చివరికి ఇద్దరు మిగిలారు.

సాకేత్ హుషారైన మనిషి, చేసిన పనులన్నీ పెద్దవి. అతని ఆలోచన తేలిగ్గా అర్థమైంది. గది ఇవ్వని ప్రతి ఇంటివాళ్ళకూ రోజూ పొద్దున చేతిపట్టీ మీద ఒక వరుస కనిపిస్తుంది: 'మీ వీధిలో ఏడిళ్ళవాళ్ళు చోటిచ్చారు. మీరు ఇంకా ఇవ్వలేదు.' నలభై రోజుల్లో ఇరవై వేల ఇళ్ళు తెరిపిస్తానన్నాడు. గౌస్ సార్ మొహం విప్పారింది. చాలా నెలల తర్వాత ఆయన అలా కనిపించడం ఇదే.

రెండో ఆమె కెజియా. ముప్పై నాలుగేళ్ళు. రేపల్లె వైపు పల్లపు మనిషి. ఇంతకు ముందు ఒక ఆటల కంపెనీలో చేసింది. ఆమె గీసిన ఆటను రెండు కోట్లమంది ఆడేవారట.

"మానేశారెందుకు?" అని గౌస్ సార్ అడిగారు.

"మా తమ్ముడు కూడా ఆ ఆటే ఆడేవాడండి. అన్నానికి లేవమంటే లేచేవాడు కాదు. లేవకుండా ఎలా కూర్చోబెట్టాలో కనిపెట్టింది నేనే కదండి. ఇక చేతులు రాలేదు."

తన పథకం ఏమిటని అడిగితే ఏమీ తీసుకురాలేదంది. బదులుగా ఒక జాబితా కావాలంది.

"ఇదివరకు గది ఇచ్చి, తర్వాత మానేసినవాళ్ళ పేర్లు ఇవ్వండి. ఓ వారం వాళ్ళిళ్ళకు వెళ్ళొస్తాను. కొత్తవాళ్ళని పిలవడం సంగతి తర్వాత. తెరిచిన తలుపు మళ్ళీ ఎందుకు వేసుకున్నారో ముందు తెలియాలి కదండి?"

ఇళ్ళ చిరునామాలు బయటివాళ్ళకు ఇవ్వకూడదు. సంస్థ మనిషి వెంట ఉంటే తప్ప కుదరదు. ఆ మనిషిని నేనేనని చెప్పాను.

నీళ్ళకు 79 రోజుల ముందు

తెల్లవారి మొదటి బస్సు పట్టుకుని, సైరన్‌లోపు రెండిళ్ళు, నాలుగు దాటాక రెండిళ్ళు. మూడు రోజులుగా ఇదే తిరుగుడు.

అందరూ చెప్పేది ఒకటే. బోరు ఎండిపోయింది, గోడ పడింది, కోడలికి నెలలు. కెజియా వింటుంది, తల ఊపుతుంది, నీళ్ళు అడుగుతుంది. నీళ్ళు తేవడానికి వాళ్ళు లోపలికి వెళ్ళినప్పుడు ఆ గది వైపు చూస్తుంది. రాసుకోవడం చాలా తక్కువ.

ఈ రోజు రాయచోటి అవతల ఒక పల్లెలో ఓబులమ్మ ఇంటికి వెళ్ళాం. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒంటరిది. నాలుగేళ్ళ కిందట గది ఇచ్చింది, మళ్ళీ ఇవ్వలేదు.

"గది యాడుందమ్మా, అంతా శెనక్కాయ మూటలేసినాం" అంది.

కెజియా దాహమంది. ఓబులమ్మ వంటింట్లోకి వెళ్ళింది. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. కెజియా వేలితో కొంచెం తోసింది. మూటలు లేవు. నేల ఆ పొద్దునే అలికినట్టుంది. దండెం మీద ఉతికిన దుప్పటి మడిచి ఉంది. కిటికీ కింద నీళ్ళు నింపి మూత పెట్టిన కుండ.

ఓబులమ్మ చెంబుతో వచ్చి మమ్మల్ని చూసింది. నేను సిగ్గుపడ్డాను. ఆమె మాత్రం కోప్పడకుండా గడప మీద కూర్చుంది.

"ఆ పిల్ల పేరు మరియమ్మ. మొగుడూ పెండ్లామూ ఇద్దురు బిడ్డలు. మా ఇంట్లో ఎన్నడూ ఎండు చేపలు వండింది లేదు. ఆ పిల్ల వండి పెట్టింది. మొదట ఆ వాసనకే నాకు కడుపులో తిప్పింది. రెండో నెల నేనే అడిగి చేపిచ్చుకున్నా. ఇప్పుడు బండి వస్తే కొంటాండా, వండుతాండా. ఆ పిల్ల చేసినట్ల రాదు. చింతపండు ఎంతేసేదో అడుగుదామంటే యాడ అడగల్ల? నంబరు తుడిచేసినారు. పేరు పట్టుకుని వెతికితే జాబితాలో మా ఇల్లు కొట్టేస్తామంటిరి."

"మరి గది ఇంకెవరికైనా ఇవ్వొచ్చు కదండి?" అని కెజియా మెల్లగా అడిగింది.

"ఇంగొకరికి ఇచ్చినంక ఆ పిల్లోల్లు మల్లా వస్తే యాడ పెట్టేదమ్మా?"

తిరుగు బస్సులో కెజియా జాబితాలో ఒక్కో ఇంటి పక్కన గీత పెట్టుకుంటూ కూర్చుంది. మదనపల్లె దగ్గర పడ్డాక అంది.

"మేడం, మూడు రోజుల్లో పన్నెండు ఇళ్ళు చూశాం. తొమ్మిదిళ్ళల్లో గది ఖాళీగానే ఉంది, శుభ్రంగా ఉంది. వాళ్ళ దగ్గర చోటు లేక కాదండి. ఆ చోటు ఎవరికోసమో ఆపి ఉంచారు."

నీళ్ళకు 78 రోజుల ముందు

ఈ రోజు చూడాల్సిన ఇళ్ళు అయిపోయాయనుకున్నాను. మండీ మెట్ల దగ్గర కెజియా జాబితా తీసి ఒక వరుస మీద వేలు పెట్టింది.

"ఇందులో మీ ఇల్లు కూడా ఉంది మేడం. తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి ఇచ్చారు. అంతే."

"సంస్థలో పని చేసేవాళ్ళు ఇవ్వకూడదు" అన్నాను.

"అట్లాంటి నిబంధన లేదండి. చూశాను."

ఆమె గొంతులో నిలదీసిన ధ్వని లేదు. అయినా నాకు కోపం వచ్చింది. పని ఉందని పైకి వెళ్ళిపోయాను. సాయంత్రం దాకా ఏ ఫైలూ బుర్రకెక్కలేదు.

నీళ్ళకు 75 రోజుల ముందు

ఇది నియామకం గురించిన నోట్‌బుక్. ఇందులో నా సంగతులు ఉండకూడదు. కానీ ఇది రాయకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు.

తొమ్మిదేళ్ళ కిందట నాకు ముప్పై ఏడు. పెళ్ళి కలిసిరాక అప్పటికే ఒంటరిగా ఉంటున్నాను. మా ఇంటికి పంచ పంపింది ఇద్దరిని. నాంచారయ్య నాగాయలంక వైపు పడవలు కట్టే మనిషి. భార్య ముందు ఏడు నీళ్ళలో పోయింది. కూతురికి ఆరేళ్ళు. పేరు గంగాభవాని. భవానీ అని పిలిస్తే పలికేది కాదు, పూర్తిగా పిలవాలి.

ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మా వంటింటి తలుపు పదేళ్ళుగా గీసుకుపోయేది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి చప్పుడు లేకుండా మూసుకుంది. చెప్పలేదు, అడగలేదు. ఆ పిల్ల మాత్రం మాటల పుట్ట. రాగి సంకటిని 'నల్ల ఉండ' అనేది. సైరన్ మోగాక ముగ్గురం చాప మీద పడుకుంటే సముద్రం ఎన్ని రంగులుంటుందో చెప్పేది. తొమ్మిది రంగులు చెప్పింది. నేను ఇంతవరకు సముద్రం చూడలేదు.

ఆ ఏడే మేం నిబంధన పెట్టాం. పల్లపువాళ్ళు వెళ్ళిన రోజున ఇరువైపులా పట్టీల్లో పేర్లూ నంబర్లూ చెరిగిపోవాలి. ఒకసారి ఉన్న ఇంటికి మళ్ళీ పంపకూడదు. ఒకరినొకరు వెతుక్కోకూడదు. దానికి కారణం ఉంది. ఒక ఊళ్ళో గది ఇచ్చిన పెద్దమనిషి, ఆ గదిలో ఉండి వెళ్ళిన అమ్మాయి వెంట పడ్డాడు. అన్నం పెట్టాను కాబట్టి నా కొడుకును చేసుకోవాలన్నాడు. వాళ్ళు ఎక్కడికి మారితే అక్కడికి వెళ్ళాడు. ఆ అమ్మాయిని చివరికి మదనపల్లెకు తెచ్చి దాచింది నేనే. మూడు నెలలు ఆమె కిటికీ తెరవలేదు. అందుకే నిబంధనకు మొదట చెయ్యెత్తింది నేను.

కార్తీకం వెళ్ళాక స్టేషన్‌కు నేను కూడా వెళ్ళాను. రైలు కదలబోతుంటే నాంచారయ్య అడిగాడు.

"మళ్ళీ ఏడు మీ ఇంటికే రావచ్చాండి?"

ఆయన నోట నేను విన్న మాటల్లో అదే పెద్దది. ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. ప్లాట్‌ఫాం మీద మా సంస్థవాళ్ళు నలుగురు ఉన్నారు.

"నిబంధన ఒప్పుకోదండి" అన్నాను.

నీళ్ళకు 70 రోజుల ముందు

కెజియా తన పథకం చెప్పింది. గౌస్ సార్, నేను, ఆమె.

పల్లపువాళ్ళు వెళ్ళిన నెల రోజుల తర్వాత ఇరువైపులవాళ్ళకూ పట్టీలో ఒక ఖాళీ పలక కనిపిస్తుంది. ఇష్టమైతే ఆ కుటుంబానికో ఆ ఇంటికో ఒక మాట రాయొచ్చు. రాస్తే వెళ్ళదు, పంచలోనే ఆగుతుంది. అవతలివాళ్ళూ తమంతట తాము రాస్తేనే రెండు మాటలూ ఒకేసారి ఇద్దరికీ కనిపిస్తాయి. అలా మాట కలిసినవాళ్ళు మళ్ళీ అదే ఇంటికి రావచ్చు. ఒకవైపే రాస్తే ఆ సంగతి రెండోవైపు ఎప్పటికీ తెలియదు. రాయలేదన్నదీ తెలియదు. పాతవాళ్ళకూ ఇది కుదురుతుంది. పేర్లు చెరిగినా ఏ కుటుంబం ఏ ఇంట్లో ఉందో అంకెలు మిగిలే ఉన్నాయి.

గౌస్ సార్ కళ్ళజోడు తీశారు.

"ఏమ్మా సుభాషిణీ, నువ్వు తెచ్చి దాచిన ఆ పాప సంగతి మర్చిపోయినావా? మనమే గదా కాపాడింది. ఇప్పుడు మనమే తలుపు తీస్తే ఎట్ల?"

"ఆమె రాయకపోతే ఆ తలుపు తెరుచుకోదు సార్. ఆయన ఎన్నేళ్ళు రాసినా తనకు తెలియదు. తను రాయలేదని ఆయనకూ తెలియదు" అన్నాను. నా నోటి నుంచే ఆ మాట రావడం విని నాకే ఆశ్చర్యం వేసింది.

"మాకు కావాల్సింది ఇళ్ళమ్మా" అన్నారాయన కెజియాతో. "ఉత్తరాలు గాదు. షెడ్లలో పోయినోళ్ళ లెక్క అదిగో గోడ మీద ఉంది. ఆ సాకేత్ ఇరవై వేల ఇండ్లు అంటున్నాడు. నువ్వు ఎన్ని అంటావు?"

"తెలియదండి."

"తెలియదంటే ఎట్లమ్మా?"

"తెలియకుండా అంకె చెబితే మీరు నమ్మి ఊరుకుంటారండి. అప్పుడు షెడ్ల లెక్క ఇంకా పెరుగుద్ది." గోడ మీది అంకె వైపు చూసింది. "మేం పదకొండేళ్ళల్లో పదకొండు ఇళ్ళు మారామండి. ఒకింట్లో ముసలాయన ఉద్యోగం పరీక్షకు నాకు లెక్కలు నేర్పాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజున ఆయనకు చెప్పాలనుకున్నాను. ఊరు గుర్తుంది, వీధి గుర్తుంది. వెళ్తే ఆయన ఇంటిని జాబితాలోంచి కొట్టేస్తారని వెళ్ళలేదు. మావాళ్ళలో ఇట్లాంటివాళ్ళు ఎంతమందో మీకెవరికీ తెలియదండి. ఎవరూ అడగలేదు కాబట్టి."

చివరికి ఇద్దరికీ చెరొక మండలం ఇచ్చి చూద్దామని గౌస్ సార్ అన్నారు. మూడు వారాలు. రెండు మండలాల్లోనూ మూసిన గదులు చెరి దాదాపు మూడు వందలు.

నీళ్ళకు 63 రోజుల ముందు

సాకేత్ మండలంలో మొదటి వారమే తొంభై గదులు తెరుచుకున్నాయి. కెజియా మండలంలో పదకొండు.

గౌస్ సార్ అంకెలు చూసి లేచి వచ్చారు. ఆమె బల్ల పక్కగా వెళ్ళి నిలబడి, మళ్ళీ తన గదిలోకి వెళ్ళిపోయారు. కెజియా మధ్యాహ్నమంతా ఫోన్లో ఒక పల్లపు ముసలామెకు ఖాళీ పలక ఎలా నింపాలో చెబుతూ కూర్చుంది. ఆమెకు చదువు రాదు. గొంతుతో చెబితే చాలన్న సంగతి ఆమెకు తట్టేలా గీయలేదని తనను తానే తిట్టుకుని, సాయంత్రానికి పలక మార్చేసింది. ఇప్పుడు అందులో చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న మనిషి బొమ్మ ఉంది.

నీళ్ళకు 49 రోజుల ముందు

మూడు వారాలు నిండాయి.

సాకేత్ మండలంలో తెరిచిన గదులు నూట ముప్పై దగ్గర ఆగాయి. తర్వాత జనం పొద్దున్నే ఆ వరుస చూడలేక పట్టీలు విప్పి గూట్లో పెట్టడం మొదలుపెట్టారు. ఒక వీధిలో గది ఇచ్చినవాళ్ళకూ ఇవ్వనివాళ్ళకూ కొట్లాట కూడా అయిందట. పాపం, సాకేత్ తనే వచ్చి ఆ సంగతి చెప్పాడు. దాచలేదు.

కెజియా మండలంలో నూట డెబ్బై ఎనిమిది.

అందులో ఇరువైపులా మాట కలిసినవి అరవై నాలుగే. మిగతా నూట పద్నాలుగు ఇళ్ళకు జవాబు రాలేదు. అయినా గది ఇచ్చారు. అది మాకెవరికీ అర్థం కాలేదు. ఆ మండలంలోనే ఉన్న ఓబులమ్మకు నేనే ఫోన్ చేశాను.

"మరియమ్మ నుంచి ఏమన్నా వచ్చిందా అవ్వా?"

"ఏం రాల్యా."

"మరి గది ఇస్తానంటివంట?"

"నేను చెప్పాల్సింది చెప్పేసినా గదమ్మా. ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకుని కూసున్నా. ఇంగ ఎవరన్నా రానీ. ఆ పిల్లోల్లు వస్తే నడింట్లో పండుకుంటారు."

కెజియాకు చెప్తే కిటికీ వైపు తిరిగింది. 

నీళ్ళకు 47 రోజుల ముందు

ఇది కూడా రాయాలి.

పోయిన వారం నేను కూడా పలక తెరిచాను. మా మండలం ట్రయల్లో లేకపోయినా సంస్థవాళ్ళం కాబట్టి మాకూ తెరుచుకుంటుంది. మా ఇంటి అంకె, వాళ్ళ కుటుంబం అంకె. రెండు గంటలు కూర్చుని ఒక్క వాక్యం చెప్పాను. 'ఆ రోజు స్టేషన్‌లో మీరు అడిగినదానికి నేను చెప్పిన జవాబు తప్పు.'

అప్పటి నుంచి నిద్ర లేస్తూనే పట్టీ చూసుకుంటున్నాను. మంచువలల దగ్గర చూస్తాను, బస్సులో చూస్తాను. గంగాభవానికి ఇప్పుడు పదిహేనేళ్ళు. అసలు ఉన్నారో లేదో. వాళ్ళ ఊరు నాలుగేళ్ళ కిందటే కార్తీకం దాటినా నీళ్ళలోంచి బయటపడలేదని విన్నాను.

ఎవరెవరు రాశారో ట్రయల్ నడిపే మనిషికి మాత్రం కనిపిస్తుంది. ఆ తాళం కెజియా దగ్గర ఉంది. ఈ రోజు సైరన్ తర్వాత అందరూ చాపలు పరిచి పడుకున్నాక నేను ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను.

"కెజియా, ఒక్కసారి చూడవా? వాళ్ళు రాశారా లేదా. ఏం రాశారో వద్దు. ఉన్నారా అన్నది తెలిస్తే చాలు."

ఆమె నా మొహం చూసింది. ఆమె ఉద్యోగం నా సంతకం మీద ఉందని ఇద్దరికీ తెలుసు.

"కూర్చోండి మేడం" అంది. కూర్చున్నాను. నీళ్ళు ఇచ్చింది.

"నా ముసలాయనకు నేనూ రాశానండి. నేనూ చూసుకోలేదు. వేలు అక్కడిదాకా వెళ్తుంది, వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కరి కోసం చూశామంటే ఆ అమ్మాయి వెంటపడ్డాయన కోసం కూడా ఎవరో ఒకరు చూస్తారు మేడం. ఆయన కూడా బతిమాలతాడు. మీకన్నా బాగా బతిమాలతాడు."

"నాది అట్లాంటిది కాదు కదా?"

"కాదండి. నాకు తెలుసు. అయినా చూడను." ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "మీరు నన్ను తీసుకోకపోయినా సరేనండి."

నేను లేచి నా బల్ల దగ్గరికి వచ్చాను. కాసేపు ఆమె మీద కోపంగానే ఉంది. తర్వాత నియామకం కాగితం తీసి సంతకం పెట్టాను. కారణం రాయాల్సిన చోట ఇలా రాశాను: 'నేను అడిగినా చూడలేదు.'

గౌస్ సార్ అది చదివి నా వైపు చూశారు. ఏం చూడమన్నానని అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు. పక్కన తన సంతకం పెట్టి, "జీతం సాకేత్‌కు చెప్పిందే ఇద్దాం" అన్నారు.

నీళ్ళకు 9 రోజుల ముందు

అన్ని మండలాల్లోనూ పలక తెరిచి నెల దాటింది. ఈ రోజుకు యాభై ఏడు వేల నాలుగు వందల ఇళ్ళు. ఇంకా మూడు వేల పైచిలుకు కుటుంబాలకు గది లేదు. వాళ్ళకోసం బడులు, కల్యాణ మండపాలు అడిగాం. రేకుల షెడ్లు ఈ ఏడు తెరవక్కర్లేదని గౌస్ సార్ చెప్పినప్పుడు కింద పరుపులు మోసేవాళ్ళు కూడా పైకి వచ్చి చప్పట్లు కొట్టారు.

కెజియా చప్పట్లు కొట్టలేదు. మిగిలిన మూడు వేల కుటుంబాల జాబితా ముందేసుకుని కూర్చుంది. నేను కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి జాబితా మీంచి తల ఎత్తకుండానే "అక్కా, ఈ ఊరు ఎక్కడుందండి?" అని అడిగింది. అలా పిలవడం అదే మొదలు. చెప్పాను.

నా పట్టీలో ఏమీ లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఇంటిని కూడా జాబితాలో చేర్చాను. ఒక గది, ఇద్దరికి లేదా ముగ్గురికి.

నీళ్ళు వచ్చిన రోజు

పొద్దున నాలుగున్నరకే మొదటి రైలు. స్టేషన్ బయట మెట్టవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతుల్లో అంకెలు రాసిన అట్టలు. మాట కలిసినవాళ్ళకు మాత్రం అట్టలు అక్కర్లేదు. ఒక పెద్దాయన రైలు ఆగకముందే పరిగెత్తాడు. ఒక ఆడమనిషి కిటికీలోంచే బిడ్డను అందించింది. అందుకున్నామె ఆ బిడ్డను గుర్తుపట్టలేక, పోయినసారి ఇంత లేదే అంటూ ఏడుస్తోంది.

నేను ప్రతి పెట్టె దగ్గరా మొహాలు చూశాను. పదిహేనేళ్ళ ఆడపిల్ల కనబడితే ఆగాను. ఎనిమిది రైళ్ళు వచ్చాయి.

మా ఇంటికి వచ్చినవాళ్ళు అంతర్వేది వైపువాళ్ళు. వీరకుమారి బట్టలు కుట్టే మనిషి. వెంట ఆమె మామగారు సుబ్బారాయుడు, ఎనభై దాటినాయన. ఇంటికి వచ్చేసరికి ఆయన అలిసిపోయి గోడకు చేరగిలబడ్డాడు. వీరకుమారి కుట్టుమిషన్ దించి గది నలువైపులా చూసింది.

"ఎంత చక్కగా ఉంచారండీ గది! ఇదివరకు ఎవరన్నా ఉండేవారాండి ఇందులో?"

తొమ్మిదేళ్ళలో వాళ్ళ పేర్లు నేను పైకి అనలేదు. పలకలో కూడా అంకెలే చెప్పాను.

"ఉండేవాళ్ళమ్మా. నాంచారయ్య అని పడవలు కట్టే ఆయన. ఆయన కూతురు గంగాభవాని. భవానీ అంటే పలికేది కాదు."

"ఇప్పుడు ఎక్కడుంటున్నారండి?"

"తెలియదమ్మా."

"రమ్మని చెప్పారాండి?"

"చెప్పాను. విన్నారో లేదో తెలియదు."

ఆమె పరుపులు తెచ్చి పరిచింది. మామగారికి కిటికీ పక్కన, తనకు ఆయన పక్కనే, గోడకు ఆనించి. కుట్టుమిషన్ మధ్యలో పెట్టబోయి ఆగి, దాన్ని కూడా తన పరుపు వైపే జరుపుకుంది. గదిలో సగం అలాగే ఖాళీగా ఉండిపోయింది.

"ఇదేంటమ్మా, ఇటంతా చోటుంది కదా. హాయిగా పరుచుకోండి" అన్నాను.

"ఉండనివ్వండి. మాకిది చాలండి" అంది వీరకుమారి. "ఆళ్ళొత్తే సర్దుకోవడానికి ఉండాలి కదండీ."

వద్దమ్మా, మొత్తం మీదే అని మళ్ళీ చెప్పాను. ఆమె వినలేదు.